కడలి అంచున కెమెరా

పాఠ్యాంశ పరిచయం

ఛాయాచిత్రణం ఒక కళ. అది ఒక శాస్త్రం కూడా. సముద్రతీర దృశ్యాలను చిత్రించదలచిన ప్రారంభకులకు అవసరమైన మెలకువలను తెలియజేయడం, నిదానించి చూడడమనే అభ్యాసాన్ని అలవరచడం, నీటి అంచున పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం. ఈ పాఠ్యభాగం వ్యాస ప్రక్రియకు చెందినది.

తెలంగాణకు సముద్రం లేదు. కొండకల్, చేవెళ్ల, మొయినాబాదు పరిసరాలలో చదువుకొనే విద్యార్థి కడలిని చూడాలంటే మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. సాధారణంగా కళాశాల విహారయాత్రలో భాగంగా విశాఖపట్టణమో, బాపట్ల దగ్గరి సూర్యలంకో, మచిలీపట్నమో చేరినప్పుడు ఆ అవకాశం కలుగుతుంది. రాత్రంతా ప్రయాణం, తెల్లవారగానే తీరం, చేతిలో సెల్‌ఫోను. రెండు గంటలలో రెండు వందల చిత్రాలు తీస్తారు. ఇంటికి చేరి చూసుకొంటే ఆ చిత్రాలలో నీరు ఉంటుంది, ఇసుక ఉంటుంది, మిత్రుల ముఖాలు ఉంటాయి. అక్కడ నిలిచినప్పుడు గుండెను తాకిన సముద్రం మాత్రం కనబడదు.

ఇందుకు కారణం కెమెరా చౌకది కావడం కాదు. సముద్రం చిత్రానికి సులభంగా లొంగే వస్తువు కాదు. దానికి నిలకడ లేదు, నిర్దిష్టమైన ఆకారం లేదు, ఆవలి గట్టు లేదు. మన అలంకారికులు ఈ కష్టాన్ని ఎప్పుడో గుర్తించారు. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానాన్ని అలంకరించిన విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలో మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలను చెప్పాడు. సముద్రం, సూర్యోదయం, చంద్రోదయం ఆ పద్దెనిమిదింటిలోనివే. కవి సామర్థ్యాన్ని పరీక్షించే విషయాలలో కడలికి స్థానం ఉన్నదన్నమాట. కవికి పరీక్ష అయినది ఛాయాచిత్రకారునికి కూడా పరీక్షే. ఆ పరీక్షలో నెగ్గడానికి కావలసిన మొదటి పరికరం కెమెరా కాదు, అలవాటుపడిన చూపు. ఆ చూపును సముద్రం లేని ఊరిలో కూడా సాధన చేయవచ్చు.

కన్ను వేరు, కెమెరా వేరు

తీరంలో నిలిచినప్పుడు మన కన్ను ఒక్కచోట ఆగదు. వెలుగుతున్న ఆకాశాన్ని చూసేటప్పుడు కంటిపాప కుంచించుకొంటుంది; నీడలోని నల్లరాతిని చూసేటప్పుడు విప్పారుతుంది. ఇలా ముక్కలు ముక్కలుగా చూసినవాటిని మనస్సు ఒకే దృశ్యంగా కూర్చుకొంటుంది. దానికి తోడు అలల ఘోష, ఉప్పుగాలి, కాళ్లకింద జారే ఇసుక ఆ అనుభవాన్ని నింపుతాయి. కెమెరాకు ఇవేవీ లేవు. అది ఒక్క క్షణంలో, ఒక్క కొలతతో వెలుగును గ్రహిస్తుంది. ఆకాశానికి సరిపడిన కొలత తీసుకొంటే నేల నల్లబడుతుంది. నేలకు సరిపడిన కొలత తీసుకొంటే ఆకాశం తెల్లబారుతుంది.

ఈ సమస్య ఛాయాచిత్రణంతోపాటే పుట్టింది. ఫ్రాన్సు దేశానికి చెందిన గుస్తావ్ లె గ్రే 1856, 1857 సంవత్సరాలలో తీసిన సముద్రచిత్రాలు నాడు యూరపులో గొప్ప పేరు పొందాయి. ఆనాటి గాజు పలకలపై పూసే రసాయనం నీలికాంతికి అతిగా స్పందించేది. అందువల్ల సముద్రం చక్కగా వచ్చే లోపల ఆకాశం పూర్తిగా తెల్లబడిపోయేది. లె గ్రే దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. సముద్రాన్ని ఒక పలకపై, మేఘావృతమైన ఆకాశాన్ని మరొక పలకపై తీసి, కాగితంపై అచ్చువేసే సమయంలో రెండింటినీ క్షితిజరేఖ వద్ద అతికాడు. సెత్ రేవు వద్ద 1857లో తీసిన 'మహాతరంగం' అనే చిత్రం ఆ విధంగా రూపొందినదే. నేటి సెల్‌ఫోనులో హెచ్.డి.ఆర్. అనే సదుపాయం చేసే పని కూడా దాదాపు ఇదే. అది వేరువేరు వెలుగు కొలతలతో కొన్ని చిత్రాలను వెనువెంటనే తీసి ఒక్కటిగా కలుపుతుంది. అయితే ఆ లోపల అల కదిలితే నురగ చుట్టూ మసక ఏర్పడే అవకాశం ఉన్నది. కనుక పరికరం ఎంత తెలివైనదైనా, దాని పరిమితి తెలిసినవాడే దానిని సక్రమంగా వాడగలడు.

వేళను ఎన్నుకోవడం

సముద్రచిత్రానికి స్థలం కన్న వేళ ముఖ్యం. నడిమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు అలకు నీడ ఉండదు. నీడ లేనిదే అల ఎత్తు చిత్రంలో తెలియదు. ఉదయసాయంకాలాలలో ఏటవాలుగా పడే కిరణాలు అల వీపును వెలిగించి, దాని పొట్టను చీకటిలో ఉంచుతాయి. ఇసుకలోని ప్రతి గీత, ప్రతి అడుగుజాడ అప్పుడే స్పష్టమవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. అది రాష్ట్రానికి తూర్పున ఉండడం వల్ల సూర్యుడు నీటినుండి పైకి వచ్చి, నేలవైపు అస్తమిస్తాడు. అంటే తెలుగువారి కడలి ముఖ్యంగా ఉదయపు కడలి. ఇక్కడ మన ప్రాంతపు విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. భూమి ఒక్కొక్క రేఖాంశం తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. విశాఖపట్టణం హైదరాబాదుకు దాదాపు ఐదు రేఖాంశాల తూర్పున ఉన్నది. అందువల్ల అక్కడ సూర్యోదయం సుమారు 20 నిమిషాల ముందే జరుగుతుంది. జూన్ మొదటివారంలో ఉదయం 5.20 ప్రాంతంలోను, జనవరి నడుమ 6.30 ప్రాంతంలోను విశాఖలో సూర్యుడు ఉదయిస్తాడు. మన ఊరి లెక్కతో నిద్రలేచినవారికి అక్కడ సూర్యోదయం తప్పిపోతుంది.

సూర్యోదయానికి 45 నిమిషాల ముందే తీరం చేరుకోవడం మంచిది. సూర్యబింబం కనబడకముందు ఆకాశం నీలి, ఊదా, కెంపు వర్ణాలను ధరిస్తుంది. ఆ సమయంలో ఆకాశానికి, నేలకు మధ్య వెలుగులో తేడా తక్కువ. కెమెరాకు అది అనుకూలమైన వేళ. బింబం నిండుగా పైకి వచ్చిన తరువాత తేడా త్వరత్వరగా పెరుగుతుంది. చాలామంది సూర్యుని కోసమే వచ్చి, సూర్యుడు రాగానే చిత్రం తీసి వెళ్లిపోతారు. వెనుకకు తిరిగి చూడరు. ఆ సమయంలో వెనుకనున్న సరుగుడు తోపులు, కొండలు, పడవలు, మనుషుల ముఖాలు బంగారు వెలుగులో ఉంటాయి.

సాయంకాలం తూర్పుతీరం వెలవెలబోతుందనుకోవడం సరికాదు. పున్నమినాడు ఇంచుమించు సూర్యాస్తమయ సమయానికే చంద్రుడు సముద్రంనుండి పైకి వస్తాడు. అప్పటికి ఆకాశంలో కొంత వెలుగు మిగిలి ఉంటుంది కనుక చంద్రబింబం, అలలు రెండూ ఒకే కొలతకు లొంగుతాయి. మరొక గంట గడిస్తే చుట్టూ చీకటి కమ్ముతుంది. చంద్రుడు చిత్రంలో తెల్లని చుక్కగా మిగిలిపోతాడు.

ఆటుపోట్లను తెలుసుకోవడం

సముద్రమట్టం సుమారు పన్నెండున్నర గంటలకు ఒకసారి పెరిగి తగ్గుతుంది. పెరగడం పోటు, తగ్గడం ఆటు. ఈ సమయాలు రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనుకకు జరుగుతాయి. పున్నమి, అమావాస్యల సమీపంలో పోటు ఎక్కువగా ఉంటుంది. ఆటు కూడా అంత లోతుగా వెనుకకు తగ్గుతుంది.

ఛాయాచిత్రకారునికి ఈ జ్ఞానం రెండు విధాల ఉపకరిస్తుంది. నీరు తగ్గినప్పుడు తడిసిన ఇసుక అద్దమై ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది. మునిగి ఉన్న రాళ్లు, నీటిగుంటలు, ఇసుకలోని అలల ముద్రలు బయటపడతాయి. నీరు పెరిగినప్పుడు అల రాతికి కొట్టుకొని చిమ్మే తుంపరలు లభిస్తాయి. ఒకే తీరం ఒకే రోజున రెండు వేరు దృశ్యాలను ఇస్తుంది. రెండవ ఉపయోగం రక్షణకు సంబంధించినది. నీరు తగ్గినప్పుడు నడిచి చేరుకొన్న రాయి, నీరు పెరిగినప్పుడు చుట్టూ సముద్రంతో దీవి కావచ్చు. అందుకే ఆ రోజు పోటు సమయం తెలియకుండా రాళ్లపైకి వెళ్లరాదు.

చట్రంలో ఏది ఉండాలి

ప్రారంభకుల చిత్రాలలో ముందుగా కనిపించే దోషం వంగిన క్షితిజరేఖ. చెట్టు వంగినా, గోడ వంగినా కన్ను క్షమిస్తుంది. నీరు వంగితే క్షమించదు. సముద్రం ఒక పక్కకు ఒలికిపోతున్నట్లు కనబడుతుంది. దాదాపు అన్ని కెమెరాలలో, సెల్‌ఫోనులలో తెరపై గడుల గీతలు చూపే సదుపాయం ఉంటుంది. దానిని తెరచి, క్షితిజరేఖను అడ్డగీతకు సమాంతరంగా నిలపాలి.

రెండవ దోషం ఆ రేఖను చిత్రం సరిగ్గా నడుమ ఉంచడం. దానివల్ల చిత్రం రెండు సమాన ఖండాలై, ఏది ప్రధానమో తెలియకుండా పోతుంది. ఆకాశంలో మేఘాలు అందంగా ఉంటే రేఖను కింది మూడవవంతుకు దించాలి. తీరంలో విశేషం ఉంటే పై మూడవవంతుకు ఎత్తాలి. నీటిలో ప్రతిబింబం పూర్ణంగా ఉన్నప్పుడు మాత్రం రేఖ నడుమ ఉండవచ్చు. అక్కడ రెండు సగాలూ ఒకదానికొకటి సమాధానం చెప్పుకొంటాయి.

మూడవ దోషం శూన్యత. నీరు, ఆకాశం తప్ప మరేమీ లేని చిత్రంలో కన్ను నిలవడానికి చోటు ఉండదు. కనుక ముందుభాగంలో ఒక స్థిరవస్తువును ఎన్నుకోవాలి. అది ఒక రాయి కావచ్చు, ఒడ్డుకు లాగిన తెప్ప కావచ్చు, ఆరబెట్టిన వల, గవ్వ, వెనుదిరిగే అల ఇసుకపై గీసిన నురగ గీత కావచ్చు. ఆ వస్తువుకు దగ్గరగా వెళ్లి, వంగి లేదా మోకాళ్లపై కూర్చొని తీస్తే, అది పెద్దదిగా కనిపించి వెనుకనున్న కడలికి లోతును ఇస్తుంది. నిలువెత్తున నిలిచి తీసిన చిత్రానికి, మోకాటి ఎత్తునుండి తీసిన చిత్రానికి గల తేడాను విద్యార్థులు ఒకసారి పరీక్షించి తెలుసుకోవాలి.

సముద్రపు వైశాల్యాన్ని తెలపడానికి ఒక చిన్న కొలమానం కూడా అవసరం. దూరాన ఒక మనిషి, ఒక పడవ, ఒక పక్షి ఉంటే కడలి ఎంత పెద్దదో చూపరికి అర్థమవుతుంది. అయితే అన్నింటినీ ఒకే చిత్రంలో కుక్కడం అనౌచిత్యం. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని క్షేమేంద్రుడు చెప్పిన సూత్రం ఛాయాచిత్రానికి కూడా వర్తిస్తుంది. మీట నొక్కే ముందు చట్రం నాలుగు అంచులను ఒకసారి చూసి, అక్కరలేనిదేదైనా చొరబడినదా అని ప్రశ్నించుకోవాలి. సగం తెగిన మనిషి, ప్లాస్టిక్ సంచి, విద్యుత్ స్తంభం వంటివి రెండడుగులు పక్కకు జరిగితే తొలగిపోతాయి. ఒకనాటి ఛాయాచిత్రకారులకు ఈ నిదానం తప్పనిసరి. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) బరువైన కెమెరాను ముక్కాలి పీటపై నిలిపి, గాజు పలకలపై చిత్రాలు తీశాడు. ఒక్కొక్క పలకకు ఖర్చు, శ్రమ ఉన్న కాలంలో చూడకుండా తీయడం సాధ్యం కాదు. నేడు ఖర్చు పోయింది. దానితో నిదానం కూడా పోకుండా చూసుకోవడం మన బాధ్యత.

వెలుగును కొలవడం

కెమెరా తన ఎదుటి దృశ్యం నలుపు తెలుపుల నడిమి బూడిదరంగులో ఉంటుందని భావించి వెలుగును కొలుస్తుంది. ఎండలో మెరిసే ఇసుక, తెల్లని నురగ చట్రం నిండా ఉన్నప్పుడు కెమెరా మోసపోతుంది. తెలుపును బూడిదరంగుగా మార్చివేస్తుంది. అటువంటప్పుడు ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా పెంచాలి. సూర్యునికి ఎదురుగా తీసేటప్పుడు ఆకాశపు రంగులను కాపాడదలచితే ఎక్స్‌పోజర్‌ను తగ్గించాలి. అప్పుడు పడవ, మనిషి నల్లని ఆకారాలుగా మారతారు. అది దోషం కాదు. ఆకారం స్పష్టంగా ఉంటే అదే సౌందర్యం.

సెల్‌ఫోనులో ఈ పని సులభం. తెరపై కావలసినచోట వేలితో తాకితే అక్కడి వెలుగును బట్టి కొలత మారుతుంది. కొంతసేపు నొక్కి ఉంచితే చాలా ఫోనులలో ఆ కొలత స్థిరపడుతుంది. పక్కన కనిపించే సూర్యుని గుర్తును పైకి కిందికి జరిపి వెలుగును సవరించవచ్చు. సూర్యబింబంపై కాక, దాని పక్కనున్న ఆకాశంపై తాకడం ఉత్తమం. ఒకసారి పూర్తిగా తెల్లబడిన భాగంలో వివరాలను తరువాత ఏ సవరణా తిరిగి తేలేదు. కొంత చీకటిగా ఉన్న భాగాన్ని మాత్రం కొంతవరకు వెలిగించవచ్చు. కనుక సందేహం కలిగినప్పుడు ఆకాశాన్ని కాపాడాలి. పెద్ద లెన్స్ గల కెమెరా కంటిగాజునుండి సూర్యుని నేరుగా చూడరాదు. కంటికి శాశ్వతమైన హాని కలుగుతుంది.

అల వేగాన్ని పట్టడం

షట్టర్ ఎంతసేపు తెరచి ఉంటే అంతసేపటి కదలిక చిత్రంలో నమోదవుతుంది. సెకనులో వెయ్యవవంతు కాలం తెరిస్తే ఎగసిన తుంపర ముత్యాల్లా గాలిలో నిలుస్తుంది. అర సెకను నుండి ఒక సెకను వరకు తెరిస్తే వెనుదిరిగే నీరు ఇసుకపై తెల్లని దారాలుగా సాగుతుంది. ముప్పై సెకన్లు తెరిస్తే అలలన్నీ కలిసిపోయి పొగమంచులా మారతాయి. ఈ మూడింటిలో ఏది ఉత్తమమని నిర్ణయించేది యంత్రం కాదు. మనం చెప్పదలచిన భావం. తుపానునాటి ఉగ్రతను చెప్పడానికి మొదటిది, వేకువ ప్రశాంతతను చెప్పడానికి చివరిది తగినవి.

షట్టర్ ఎక్కువసేపు తెరచినప్పుడు కెమెరా కదలరాదు. అందుకు ట్రైపాడ్ అవసరం. అది లేనప్పుడు గట్టి రాతిపై కెమెరాను ఆనించి, మీటను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమరును ఉపయోగించవచ్చు. ఐ.ఎస్.ఓ. 100 వద్ద, ఎపర్చర్ ఎఫ్/8 నుండి ఎఫ్/11 వరకు ఉంచితే ముందున్న రాయి, దూరాన ఉన్న రేఖ రెండూ చాలావరకు స్పష్టంగా వస్తాయి. పగటివేళ వెలుగు ఎక్కువగా ఉన్నప్పుడు దానిని తగ్గించే ఎన్.డి. ఫిల్టర్ లేనిదే దీర్ఘకాలం తెరచి ఉంచడం కుదరదు. ఖర్చు పెట్టలేని విద్యార్థికి వేకువ చీకటే ఉచితమైన ఫిల్టర్.

అలలన్నీ ఒకే విధంగా రావు. కొన్ని చిన్నవి వచ్చిన తరువాత కొన్ని పెద్దవి వస్తాయి. కొంతసేపు కెమెరా తీయకుండా లెక్కపెడుతూ చూస్తే ఆ రోజు సముద్రం నడక అర్థమవుతుంది. అప్పుడు వచ్చే అలను ముందే ఊహించి సిద్ధంగా ఉండవచ్చు.

ఉప్పుగాలి, ఇసుక

సముద్రపు గాలిలో ఉప్పు తుంపరలు ఉంటాయి. అవి లెన్స్‌పై సన్నని పొరగా ఏర్పడి చిత్రాన్ని మసకబారుస్తాయి. మెత్తని శుభ్రమైన గుడ్డను వెంట ఉంచుకొని తరచుగా తుడవాలి. లెన్స్‌పై ఇసుక ఉంటే ముందుగా ఊది తొలగించాలి. ఇసుకతో తుడిస్తే గీతలు పడతాయి. తీరంలో లెన్స్‌ను మార్చరాదు. ఏ.సి. గదినుండి ఒక్కసారిగా తేమగాలిలోకి తెచ్చిన కెమెరాపై నీటి ఆవిరి పేరుకొంటుంది. దానిని సంచిలోనే కొంతసేపు ఉంచి, బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. ఇంటికి చేరిన తరువాత పరికరాలను తడిపి పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

ప్రాణం కన్న చిత్రం మిన్న కాదు

ఈ పాఠంలోని తక్కిన అంశాలన్నీ మరచినా ఈ భాగాన్ని మరవరాదు. విహారయాత్రకు వెళ్లిన విద్యార్థులు అలలలో కొట్టుకుపోయిన వార్తలను మనం ఎన్నోసార్లు చదివాం. వారిలో చాలామంది సముద్రాన్ని ఎరుగని ప్రాంతాలవారు. చెరువు నీరు నిలిచి ఉంటుంది. సముద్రపు నీరు లాగుతుంది. ఈ తేడాను శరీరం గ్రహించే లోపల ప్రమాదం జరిగిపోతుంది.

ఒడ్డుకు చేరిన అలల నీరంతా ఏదో ఒక దారిన తిరిగి వెళ్లాలి. కొన్నిచోట్ల అది ఇరుకైన పాయగా, బలంగా లోనికి ప్రవహిస్తుంది. దానిని రిప్ కరెంట్ అంటారు. ఆ పాయలో అలలు విరగడం తక్కువ కనుక అక్కడ నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివారు అదే సురక్షితమైన చోటని భావించి దిగుతారు. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు. శ్వాస నిలుపుకొంటూ తేలి, చేయెత్తి సహాయం కోరాలి. ఈత వచ్చినవారు తీరానికి సమాంతరంగా ఈది ఆ పాయనుండి బయటపడి, తరువాత ఒడ్డువైపు రావాలి. ఒడ్డుననున్నవారు వెంట దూకరాదు. తాడు, గాలి నింపిన ట్యూబు, ఖాళీ డబ్బా వంటివి విసరి, రక్షకులను, మత్స్యకారులను పిలవాలి.

కెమెరా తెరను చూసే కన్ను చుట్టుపక్కల చూడదు. అందుకే చిత్రం తీసేవాని పక్కన సముద్రాన్ని గమనించే మిత్రుడు ఒకడు ఉండాలి. సముద్రానికి వీపు పెట్టి నిలవరాదు. పాచి పట్టిన రాళ్లపై, తడి రాళ్లపై ఎక్కరాదు; తడిగా ఉన్న రాయి అంటే అంతవరకు అల వచ్చిందని అర్థం. సముద్రంలో పెద్ద అలలు రానున్న సమయాలను గురించి హెచ్చరికలను భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ప్రకటిస్తుంది. 1999లో ఏర్పడిన ఆ కేంద్రం సముద్రం లేని మన హైదరాబాదులోనే ఉండడం గమనింపదగినది. ప్రయాణానికి ముందు ఆ హెచ్చరికలను, స్థానిక పోలీసుల సూచనలను తెలుసుకోవాలి.

తీరం ఒకరి నివాసం

మనకు విహారస్థలమైన తీరం మత్స్యకారులకు పనిచోటు. వేకువన ఒడ్డుకు చేరే పడవలు, పెద్దవలను లాగే వరుస, చేపలను ఏరే స్త్రీలు చిత్రానికి అందమైన విషయాలే. కానీ వారు మన చిత్రంకోసం అక్కడ లేరు. పలకరించి, అనుమతి తీసుకొని, పనికి అడ్డుపడకుండా తీయాలి. వల ఖాళీగా వచ్చిన రోజున వారి ముఖంలోకి కెమెరా గురిపెట్టడం సంస్కారం కాదు. శీతకాలం చివర మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫ్లాష్ వెలుతురు వాటిని బెదరిస్తుంది. గుడ్లనుండి వెలువడిన పిల్లలకు దారి తప్పిస్తుంది. విశాఖపట్టణం తూర్పు నౌకాదళ కేంద్రస్థానం. అక్కడ చిత్రీకరణ నిషిద్ధమని బోర్డు ఉన్నచోట కెమెరాను సంచిలో ఉంచడం విద్యార్థి ధర్మం.

ఊరి చెరువే తొలి బడి

ఒక్క ఉదయంకోసం తీరానికి వెళ్లే విద్యార్థి అక్కడికి చేరిన తరువాత నేర్చుకోవడం మొదలుపెడితే ఆ ఉదయం గడిచిపోతుంది. ముందుగానే నేర్చుకొని వెళ్లాలి. దానికి మన ప్రాంతంలో నీటికి కొరత లేదు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదల తరువాత, అటువంటి విపత్తు మళ్లీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ నిర్మించారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట చెరువంటాం. దాని తూర్పున ఉన్న కట్టపై నిలిచినవారికి సూర్యుడు నీటిపై అస్తమిస్తాడు. పడమటివైపు నిలిచినవారికి నీటిపై ఉదయిస్తాడు. ఒకే నీటిపై రెండు వేళలూ లభించే ఈ సౌకర్యం తూర్పుతీరంలోని విద్యార్థికి సులభంగా దొరకదు.

గండిపేట వరకు వెళ్లలేనివారికి ఊరి చెరువు చాలు. క్షితిజరేఖను సరిచూసుకోవడం, ముందుభాగంలో రాతినో పుట్టినో నిలపడం, ఆకాశాన్ని కాపాడుతూ వెలుగును కొలవడం, ప్రతిబింబాన్ని గమనించడం అక్కడ అభ్యాసం చేయవచ్చు. గట్టు పైనుండే తీయాలి, నీటిలో దిగరాదు. ఒక వారంపాటు ప్రతిరోజూ ఒకే చోట, ఒకే వేళకు నిలిచి, రోజుకు ఐదు చిత్రాలకు మించకుండా తీయాలి. వారం చివర ఆ ముప్పైఐదింటిలో ఒక్కదానిని మాత్రం ఎన్నుకొని, దానిని ఎందుకు ఎన్నుకొన్నారో నాలుగు వాక్యాలలో వ్రాయాలి. తక్కినవాటిని ఎందుకు వదిలామో చెప్పగలిగినవానికే చూపు అలవడినట్లు.

చిత్రం ఒక సాక్ష్యం

అందమైన చిత్రం తీయడంతో ఈ విద్య ముగియదు. 1908 నాటి వరద నగరాన్ని ఎంతగా ధ్వంసం చేసిందో నేటికీ మనకు చెప్పేవాటిలో ఆనాటి ఛాయాచిత్రాలు ముఖ్యమైనవి. కాకినాడకు సమీపంలోని ఉప్పాడ తీరంలో సముద్రం కొన్ని దశాబ్దాలుగా నేలను కోసుకొంటూ వస్తున్నది. ఇండ్లు, రోడ్డు, తోటలు అలల పాలయ్యాయి. అటువంటిచోట ఒకే స్థలంనుండి ఏటేటా తీసిన చిత్రాల వరుస, ఏ మాటకన్న స్పష్టంగా ఆ నష్టాన్ని తెలుపుతుంది. మన చెరువుల విషయం కూడా అంతే. నేడు గట్టుపై నిలిచి తీసిన చిత్రానికి తేదీ, స్థలం వ్రాసి భద్రపరిస్తే, పదేళ్ల తరువాత నీటిమట్టం ఎక్కడ ఉన్నదో, ఏ చెట్టు మిగిలిందో, ఏ ఒడ్డు పూడిపోయిందో అది చెబుతుంది.

సముద్రాన్ని ఎవరూ పూర్తిగా చిత్రించలేరు. ఒక అలను, ఒక వెలుగును, ఒక క్షణాన్ని మాత్రమే పట్టగలరు. ఆ క్షణాన్ని గుర్తించే చూపు కొండకల్ చెరువుగట్టున అలవడితే, విశాఖ తీరంలో అది అక్కరకు వస్తుంది. కెమెరా ఎవరి చేతిలోనైనా ఒకటే. నిదానించి చూసినవానికి మాత్రమే కడలి తన ముఖాన్ని చూపుతుంది.

అభ్యాసం

1. సముద్రచిత్రంలో ఆకాశం తెల్లబడడానికి కారణమేమి? దానిని లె గ్రే ఏ విధంగా అధిగమించాడు?
2. విశాఖపట్టణంలో హైదరాబాదు కన్న ముందుగా సూర్యోదయం కావడానికి గల కారణాన్ని వివరించండి.
3. ప్రారంభకుల చిత్రాలలో కనిపించే మూడు దోషాలను, వాటి నివారణోపాయాలను వ్రాయండి.
4. రిప్ కరెంట్ అంటే ఏమిటి? అందులో చిక్కినవారు, ఒడ్డుననున్నవారు ఏమి చేయాలి?
5. మీ ఊరి చెరువును ఒకే స్థలంనుండి వారంపాటు చిత్రించి, మీరు గమనించిన మార్పులను ఒక పుటలో వ్రాయండి.

కఠిన పదాలకు అర్థాలు

క్షితిజరేఖ: నేల లేదా నీరు ఆకాశంతో కలిసినట్లు కనిపించే గీత
అలంకారికులు: కావ్యలక్షణాలను నిరూపించిన శాస్త్రకారులు
ఔచిత్యం: తగినదై ఉండడం
తుంపర: చిమ్మిన సన్నని నీటిచుక్క
పుట్టి: చెరువులలో, నదులలో వాడే గుండ్రని చిన్న పడవ